కాదనలేని దంతం

దంతం పోయిన సంగతి నాకు పోలీసు స్టేషన్‌లో ఎవరూ చెప్పలేదు. మా ఆవిడ విలిమైనా ఫోన్ చేసి చెప్పింది.

"ఏమండీ, భోజనం చేశారా?"

"ఇప్పుడే. ఉడికించిన కర్రపెండలం, నువ్వు కట్టిచ్చిన చేపముక్క."

"అయితే వినండి. ఖాళీ కడుపుతో వినే మాట కాదు. అద్దాల పెట్టెలో మన దంతం లేదు."

టోపీ కోసం చెయ్యి చాచాను.

మన దంతం అంటే జానెడు పొడవున్న తిమింగలం దంతం. మా పెళ్ళికి ముందు మా నాన్న దాన్ని రెండు చేతులా పట్టుకుని, వాళ్ళింటి చాప మీద మోకాళ్ళూని, మీ పిల్లని మావాడికి ఇమ్మని అడిగాడు. వాళ్ళ పెద్దలు పుచ్చుకున్నారు. ఫిజీలో దంతం పుచ్చుకున్నాక కాదనడం ఉండదు. అలా విలిమైనా మా ఇంటికి వచ్చింది, దంతం వాళ్ళింటికి వెళ్ళింది. ఇప్పుడు తిమింగలాల వేట మీద దేశాల సభ మా రాజధాని సువాలో పెట్టారు. వచ్చిన దేశాలవాళ్ళకి మన ఆచారం చూపించాలి, ఎక్కడైనా పాత దంతం ఉంటే చెప్పండన్నారు. నేను ఊరుకోకుండా మా అత్తవారింట్లో ఉందన్నాను. క్షేమంగా అప్పగిస్తానని మా బావమరుదులు ముగ్గురికీ మాటిచ్చి తెచ్చి, సభ జరిగే హోటల్లో అద్దాల పెట్టెలో పెట్టించాను. దాన్ని తీసుకుపోవడానికి వాళ్ళు ఈ సాయంత్రం పడవకే వస్తున్నారు. ముగ్గురూ రగ్బీలో ముందువరసలో ఢీకొట్టి ఆడిన భారీ మనుషులు.

"విలీ, దంతం పోతే మన పెళ్ళి కూడా పోయినట్టేనా?" అన్నాను, కాస్త నవ్వించాలని.

"అది మా అన్నయ్యల్ని అడగండి," అంది. నవ్వలేదు.

హోటల్‌కి వెళ్ళేసరికి హాలు బయట రెండు గుంపులు కేకలు వేసుకుంటున్నాయి. దక్షిణ సముద్రంలో తిమింగలాల వేట మళ్ళీ మొదలుపెట్టాలనే దేశాలు ఒక వైపు, వద్దనే దేశాలు ఒక వైపు. లెక్క సరిసమానంగా ఉంది, మా దేశం ఎటు మొగ్గితే అటు. మా కుర్చీలో కూర్చునేది విలిమైనా పెదనాన్న రతు సిరేలి; రతు అంటే మా దగ్గర దొరగారన్నమాట. మత్స్యశాఖ ఉద్యోగి కనుక విలిమైనా ఆయన వెనక కుర్చీలో కాగితాలు పట్టుకుని కూర్చుంటుంది. నాలుగింటికి ఓటు. ఇప్పుడు దంతం మీరు కాజేశారంటే మీరు కాజేశారని రెండు గుంపులూ దెబ్బలాడుకుంటున్నాయి.

అద్దాల పెట్టె దగ్గర సూపరింటెండెంట్ అపిమెలెకి నిలబడి ఉన్నాడు. సభ కాపలా అంతా అతనిదే. నేను ఈ పేట స్టేషన్ ఇన్‌స్పెక్టర్ని మాత్రమే.

"రారా పెనాయా! పడవ మునిగాక చిల్లు వెతకడానికి వచ్చావా? మీ ఊరి వాళ్ళకి అలవాటేగా!"

"చిల్లు పెట్టి మరీ పడవ ఎక్కేది మీ ఊరి వాళ్ళు కదరా," అన్నాను.

పక్కన నిలబడ్డ విదేశీ విలేకరి బిత్తరపోయాడు. మాకిది మామూలే. మా ఊరి మూలపురుషుడూ వాళ్ళ ఊరి మూలపురుషుడూ అన్నదమ్ములని నమ్మకం. అందుకని ఆ రెండు ఊళ్ళవాళ్ళు ఒకరినొకరు ఎంతైనా వెక్కిరించుకోవచ్చు, ఒకరి ఇంట్లో వస్తువు ఒకరు చెప్పకుండా పట్టుకుపోవచ్చు. కోపం మాత్రం తెచ్చుకోకూడదు. ప్రభువు అందరినీ ప్రేమించమన్నాడు గాని, అపిమెలెకిని ప్రేమించడానికి మా పెద్దలు ఈ దారి వెతికి పెట్టారు.

"దొంగ దొరికింది," అన్నాడు అపిమెలెకి. "ఆస్ట్రేలియా ఆవిడ, హార్కోర్ట్. ఈ పెట్టె ముందు రోజూ నిలబడి గోల చేస్తోంది. మేనేజరు గదిలో కూర్చోబెట్టాను."

"దంతం దొరికిందా?"

"మనిషి దొరికాక దంతం ఎంతసేపు?"

పెట్టె చుట్టూ తిరిగి చూశాను. తాళం మీద గీత కూడా లేదు. లోపల పరిచిన చిన్న చాప కుచ్చులు పొద్దున నలిగి ఉండడం నేనే చూశాను. ఇప్పుడు దువ్వినట్టు సర్ది ఉన్నాయి. అద్దానికి లోపలి వైపు జిడ్డు అంటుకుంది. వాసన చూశాను. కొబ్బరినూనె.

"వేలిముద్రలు తుడిచేసింది," అన్నాడు అపిమెలెకి.

"కొబ్బరినూనెతోనా? అలా అయితే ఇంకా బాగా పడతాయిరా. దంతానికి నూనె రాసి, మెరుగుపెట్టి, చాప సర్ది, తలుపు వేసి వెళ్ళాడు. దొంగ ఇంత మర్యాద చేస్తాడా? పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాడు."

"ఆడవాళ్ళు శుభ్రంగా పని చేస్తారు."

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి మేనేజరు దగ్గర. ఆయన నిన్న నాడీ ఊరెళ్ళాడు, ఇంకా రాలేదు."

"రెండోది?"

"భద్రంగా ఉంది," అని గడియారం చూసుకున్నాడు. "నీ ప్రశ్నలు అయ్యేసరికి ఓటు కూడా అయిపోతుంది. కానీ, త్వరగా."

టీ కప్పులు సర్దుతున్న హోటల్ పనమ్మాయి మెరెయోనిని పిలిచాను. భోజనాల వేళ హాలు పక్కనే ఉన్నానంది.

"ఏమైనా వినబడిందా?"

"చప్పట్లు వినబడ్డాయి సార్."

"సభ అన్నాక చప్పట్లు కొట్టరా ఏమిటి!" అన్నాడు అపిమెలెకి.

"అందరూ భోజనాలకి వెళ్ళారు సార్ అప్పుడు. అవి ఉపన్యాసాల చప్పట్లూ కావు. మెల్లగా, బోలు దుంగ మీద కొట్టినట్టు..."

నేను రెండు అరచేతులూ దొప్పల్లా చేసి, ఒకదాని మీద ఒకటి బరువుగా మూడుసార్లు కొట్టాను. "ఇలాగా?"

మెరెయోని ట్రేతో సహా గభాలున కింద కూర్చుంది, తల వంచుకుని. కప్పులు గలగలలాడాయి. తర్వాత సిగ్గుపడి లేచింది. "అచ్చం ఇలాగే సార్."

 అది దంతం ఇచ్చి పుచ్చుకునేటప్పుడు కొట్టే చప్పట, వినగానే ఎవరైనా కింద కూర్చోవాలి. దంతం పోలేదు. ఎవరో దాన్ని ఎవరికో ఇచ్చి ఏదో అడిగారు. రెండోవాడు పుచ్చుకున్నాడు. నాలుగింటికి ఓటు పెట్టుకుని ఈ హోటల్లో ఎవరైనా ఎవరినైనా అడిగేది ఇంకేముంటుంది?

మేనేజరు గదిలో హార్కోర్ట్ గారు నిటారుగా కూర్చుని ఉన్నారు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"మీ ముత్తవ్వ పన్ను తీసి అద్దాల పెట్టెలో పెడితే మీకెలా ఉంటుంది ఇన్‌స్పెక్టర్?"

"మా ముత్తవ్వకి నాకు తెలిసేసరికే పళ్ళు లేవండి. దంతం మీరు తీశారా?"

"తీస్తే దాస్తానా? సముద్రంలో గౌరవంగా వదిలేసి, పేపర్లవాళ్ళని పిలిచి, వాళ్ళ ముందు ఏడ్చేదాన్ని."

ఆ మాట నమ్మదగ్గదిగా ఉంది. వారం రోజులుగా ఆవిడ ఏ పనీ పేపర్లవాళ్ళు లేకుండా చేయలేదు.

"భోజనాల వేళ వింతగా ఏమైనా కనబడిందా?"

ఆవిడ ఆలోచించింది. "నార్వే ఆయన హెగ్‌స్టాడ్ మెట్ల కింద మోకాళ్ళ మీద నడుస్తున్నాడు. చేతులు ముందుకు చాచి. తాతముత్తాతలు చంపిన తిమింగలాలకి క్షమాపణ చెప్పుకుంటున్నాడేమో అనుకున్నాను. పాపం, పశ్చాత్తాపపడేవాడిని కదిలించడమెందుకని వచ్చేశాను."

"పశ్చాత్తాపం కాదండీ," అన్నాను. "సాధన."

హెగ్‌స్టాడ్ వరండాలో కూర్చుని ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న ఎండుచేప నములుతున్నాడు. ఆరడుగుల మనిషి, ఎండకి చెవులు కాలిపోయి ఉన్నాయి. నన్ను చూడగానే ఒక ముక్క ఇచ్చాడు. తిన్నాను. చెప్పుతోలుకి ఉప్పు రాసినట్టుంది.

"దంతం మీరు తీశారా?"

"తీయలేదు. అరువిచ్చారు. నేను ఇచ్చాను. ఆయన పుచ్చుకున్నాడు. మీ ఆచారమే కదా?"

"ఎవరు పుచ్చుకున్నారు?"

"మీ రతు సిరేలి. హాల్లో ఒక్కడే ఉన్నాడు. మోకాళ్ళ మీద వెళ్ళాను, వేట కావాలనే మా వైపు ఓటు వేయమని అడిగాను. చాలాసేపు మాట్లాడాను. ఆయన కళ్ళు మూసుకుని ఎంతో శ్రద్ధగా విన్నాడు."

"ఆయన చెవులకి తర్జుమా యంత్రం ఉందా?"

"ఉంది."

"ఏమైనా అన్నాడా మధ్యలో?"

"చిన్నగా ఒక శబ్దం చేశాడు. మీ భాషలో ఒప్పుకోలేమో అనుకున్నాను."

అది గురక. వారం రోజులుగా ఆ యంత్రం చెవులకి పెట్టుకుని మా పెదమామగారు హాయిగా నిద్రపోతున్న సంగతి విలిమైనాకి తెలుసు, నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియకూడదని ఇంట్లో ఒట్టు వేసుకున్నాం.

"ఎవరు నేర్పారు మీకిది? ఎవరు అరువిచ్చారు?"

"చెప్పనని మాటిచ్చాను," అన్నాడు హెగ్‌స్టాడ్. "మీ దేశంలో మాటకి విలువుందని ఆయనే చెప్పాడు. అడిగినవాడిని కాదనే వీలు లేకుండా ఎలా అడగాలి అని నేను ఆయన్ని అడిగాను. అంతే."

వెనక తోటలో, సముద్రం వైపు తిరిగిన కుర్చీలో రతు సిరేలి కూర్చుని ఉన్నాడు. తెల్లజుట్టు, నడుముకి పంచెలా చుట్టిన మంచి సులు, మెడలో పూలదండ. ఒళ్ళో దంతం. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది.

"ప్రభువుకి స్తోత్రం! మామగారూ, అది ఇలా ఇచ్చేయండి."

"ఇచ్చేయడానికి ఇది దొరికిన వస్తువు కాదల్లుడూ. పుచ్చుకున్న వస్తువు." ఆయన తల ఎత్తలేదు. "కళ్ళు తెరిచేసరికి ముందు చాచిన చేతులు, చేతుల్లో దంతం. నా చేతులు వాటంతట అవే వెళ్ళాయి. ముద్దు పెట్టుకున్నాను, చప్పట్లు కొట్టాను, పుచ్చుకున్నానన్నాను. ఆ తర్వాత చూద్దును కదా, ఎదురుగా నార్వే ఆయన. చేతిలో మనింటి దంతం! మీ నాన్న నాకిచ్చిందే."

"నిద్రలో ఇచ్చిన మాట మాటేనా మామగారూ? ఏం అడిగాడో కూడా మీరు వినలేదు కదా?"

"సభలో లేచి, అయ్యా నేను నిద్రపోతున్నానని చెప్పనా? ఫిజీ నిద్రపోతోందని రేపు పేపర్లో వేస్తారు."

"అరువు దంతంతో అడగడం న్యాయమా?"

"దంతం ఎవరిదైనా పుచ్చుకున్న చేతులు నావి." ఆయన సముద్రం వైపు చెయ్యి చూపించాడు. "చలికాలంలో ఆ తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని మా రేవు ముందు నుంచి పోతాయి. ఊరంతా ఒడ్డున కూర్చుని పాడతాం. వాటి వేటకి చెయ్యెత్తి, ఏ మొహం పెట్టుకుని వెళ్ళి ఆ ఒడ్డున కూర్చోను? ఎత్తకపోతే మన ఇంటి మాట ఏమవుతుంది?"

 ఆదివారాలు గుడిలో మాట నిలబెట్టుకోమని వింటాం. జాలి కలిగి ఉండమనీ వింటాం. రెండూ ఒకే మధ్యాహ్నం ఎదురుపడితే దేనికి దారి వదలాలో మా పాస్టరు ఎప్పుడూ చెప్పలేదు.

అంతలో ఆయన కుర్చీలోంచి కిందికి జారాడు. ఆ వయసులో, ఆ గడ్డి మీద, మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మామగారూ, లేవండి! ఎవరైనా చూస్తే విలిమైనా నన్ను ఇంట్లోకి రానివ్వదు!"

ఆయన దంతాన్ని రెండు చేతులా నా ముందుకి చాచాడు. "పెనాయా, నీ ఇంటికి నా ఇంటి మనవి. చిక్కుకుపోయిన నా మాటని విడిపించు."

నేను మేలుకునే ఉన్నాను. ప్రతి అక్షరం విన్నాను. కాదనవచ్చు. కాదంటే దంతం ఆయన ఒళ్ళోనే ఉంటుంది, బావమరుదులు ఆయన్ని అడుగుతారు, నా చేతులు దులుపుకోవచ్చు. ముసలాయన చాచిన చేతులు దించలేదు.

వంగి పుచ్చుకున్నాను. ముద్దు పెట్టుకున్నాను. మూడు చప్పట్లు కొట్టాను. అప్పుడు తట్టింది నాకు: ఆయన మాటని విడిపించగలిగేవాడు దాన్ని అడిగిన నార్వే ఆయన ఒక్కడే. అతన్ని కాదనే వీలు లేకుండా అడగాలంటే సాధనం ఒక్కటే. అది నా చేతిలోనే ఉంది. అడిగితే మళ్ళీ నాకు రాదు.

హాలు గుమ్మం దగ్గర అపిమెలెకి నిలబడి హార్కోర్ట్ గారిని స్టేషన్‌కి పంపడానికి కారు పిలుస్తున్నాడు.

"ఆవిడని వదిలెయ్," అన్నాను, దంతం చూపించి.

అతని మొహం ఒక్క క్షణం వెలిగి వెంటనే ఆరిపోయింది. "ఎక్కడ దొరికింది?"

"నువ్వు పంపిన చోటే. తాళంచెవులు రెండు. ఒకటి నాడీలో ఉంది. రెండోది భద్రంగా ఉందన్నావు గాని ఎవరి దగ్గరో అనలేదు. చాప సర్ది, దంతానికి నూనె రాసినవాడు మనవాడు. నార్వే ఆయనకి చేతులు చాచడం నేర్పినవాడు మనవాడు. మా అత్తవారి వస్తువు అంత ధైర్యంగా తీసి పరాయివాడికి ఇవ్వగలిగే మనవాడు ఈ హోటల్లో ఒక్కడే ఉన్నాడు."

అపిమెలెకి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒరేయ్, ముందు అది మీ నాన్నదేగా. మీ ఇంటి వస్తువు నేను తీసుకోవచ్చు. ఆచారం."

"తీసుకోవచ్చు. దాన్ని తిమింగలాల వేటకి అరువిమ్మన్న ఆచారం ఉందా?"

"వేళాకోళానికి చేశానురా! ఆయన అడిగాడు, నేను కొంచెం గొప్పలు చెప్పుకున్నాను. ముసలాయన మేలుకుని పొట్ట పట్టుకుని నవ్వుతాడనుకున్నాను. నిద్రలో పుచ్చుకుంటాడని ఎవడనుకున్నాడు!" నుదురు తుడుచుకున్నాడు. "పై అధికారులకి తెలిస్తే నా పని అయిపోతుంది."

"పాపం ఆవిడని స్టేషన్‌కి పంపేవాడివి!"

"సాయంత్రం వదిలేద్దామనుకున్నాను. ఆవిడకీ సరదాగానే ఉంటుంది, పేపర్లో పడుతుంది."

నాకు ఒళ్ళు మండింది. మండకూడదు. మూలపురుషులు అన్నదమ్ములు. పళ్ళు బిగించి, "మీ ఊరి పీతలకి నీకంటే బుర్ర ఎక్కువరా," అని మాత్రం అన్నాను. గంట మోగింది. అందరూ లోపలికి కదిలారు.

హాలు నిండింది. రతు సిరేలి వచ్చి మా కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి నిద్ర లేదు. వెనక విలిమైనా. నా చేతిలో దంతం చూసి ఆమె భుజాలు తేలికపడ్డాయి, గుండె మీద చెయ్యి వేసుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి అక్కడి నుంచి వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. ప్రభూ, ఇదొక్కటి నా చేత చేయించకు అనుకున్నాను. అనుకుంటూనే గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, బల్లల మధ్య దారిలో ముందుకి కదిలాను.

సభాపతి ఓటు మాట మధ్యలో ఆపేశాడు. తర్జుమావాళ్ళు ఆపలేదు. ఎవరిదో యంత్రంలోంచి గొంతు వినబడింది: "ఒక పోలీసు అధికారి పాకుతున్నారు... ఇంకా పాకుతున్నారు..." ఇన్ని భాషల్లో నేను పాకడం అదే మొదలు.

నార్వే బల్ల ముందు ఆగాను. చేతులు చాచాను.

"హెగ్‌స్టాడ్ గారూ! మీ ఇంటికి, మీ సముద్రానికి, చేపలు పట్టిన మీ తాతలకి నా మనవి. రతు సిరేలి దగ్గర మీరు పుచ్చుకున్న మాట ఆయనకి వదిలిపెట్టండి. ఆయన మనసుకి నచ్చినట్టు చెయ్యెత్తనివ్వండి. దీనికి బదులు నా దగ్గరున్నవాటిలో అన్నిటికంటే విలువైనది ఇదే."

హెగ్‌స్టాడ్ దంతం కేసి చూశాడు. ఓటు బల్ల కేసి చూశాడు. వాళ్ళ వైపు దేశాలవాళ్ళు వద్దు వద్దని తలలూపుతున్నారు. కాలిన చెవులు ఇంకా ఎర్రబడ్డాయి.

"దీన్ని కాదనకూడదని నాకు నేర్పినవాడు మరీ బాగా నేర్పాడు," అన్నాడు. కుర్చీ వెనక్కి నెట్టి, ఆరడుగుల మనిషీ నేల మీద కూర్చున్నాడు. రెండు చేతులా పుచ్చుకున్నాడు. ముద్దు పెట్టుకున్నాడు.

నేను వెనక్కి చూడలేకపోయాను. అప్పుడు వినబడింది, బోలు దుంగ మీద కొట్టినట్టు, మెల్లగా. ఒకటి, రెండు, మూడు. విలిమైనా కొడుతోంది. ఆ వెంట రతు సిరేలి, ఆ వెంట సమోవా, టోంగా, దీవులవాళ్ళంతా. నా పెళ్ళినాడు కూడా అంత గట్టిగా వినబడలేదు.

వేట ఒక్క ఓటుతో ఓడిపోయింది. హార్కోర్ట్ గారు పేపర్లవాళ్ళ ముందు ఏడవడానికి పరుగెత్తారు.

నేను విలిమైనా ముందు తల వంచుకుని నిలబడ్డాను. "విలీ, దంతం నార్వే పోతోంది."

"పోదు," అంది కాగితాలు సర్దుకుంటూ. "తిమింగలం దంతం దేశం దాటాలంటే అనుమతి కావాలి. ఆ సంతకం ఎవరిదండీ?"

"నీది."

"నాకు రేపటి నుంచి చేతినొప్పి. ఎప్పుడు తగ్గుతుందో డాక్టరు చెప్పలేకపోవచ్చు. ఆయన ఎల్లుండి విమానం ఎక్కాలి. మన దేశంలోనే నమ్మకమైనవాళ్ళకి అప్పగించి వెళ్ళక ఏం చేస్తాడు? ఎండుచేప ఇచ్చి పుచ్చుకున్న స్నేహితుడు మీరే కదా!" నా చొక్కా దుమ్ము దులిపింది. "ప్యాంటు చూసుకోండి, మోకాళ్ళ దగ్గర చిరిగిపోయింది. ఇక ఎల్లుండి దాకా మా అన్నయ్యలని ఆపడం ఒక్కటే మీ పని."

"పడవ వచ్చేది ఆరింటికి కదా?"

"గాలి బాగుందట. ముందే వచ్చేసింది."

హాలు గుమ్మంలో వెలుగు తగ్గింది. ముగ్గురు మనుషులు పక్కపక్కన నిలబడ్డారు. గుమ్మం వాళ్ళకి సరిపోలేదు. మధ్యవాడు ఖాళీ అద్దాల పెట్టె కేసి చూశాడు, నా కేసి చూశాడు.

"బావా! దంతం ఎవరు తీశారు?"

నేను అబద్ధం ఆడను. నా పక్కన నిలబడ్డ అపిమెలెకి కేసి తిరిగాను. వాడప్పటికే చెప్పులు విడిచేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని క్షమాపణ అడుగుతాడనుకున్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని, వంటగది తలుపు వైపు పరుగు తీశాడు.